సాలెపురుగు, ఉమ్మెత్త, సైకిలు: ఒక పరిశోధక బృందానికి చిహ్నం

మహాశివరాత్రినాడు ద్రాక్షారామంలోను, సామర్లకోటలోను, పాలకొల్లు, భీమవరం ఆలయాలలోను స్వామికి సమర్పించే పూవులలో ఉమ్మెత్త ఒకటి. పంచారామాలలో నాలుగు గోదావరి జిల్లాలలోనే ఉన్నవి. అందుచేత కాలువగట్ల మీద, పుంతల వెంట, పెంటకుప్పల పక్కన ఎవరూ నాటకుండానే మొలిచే ఈ మొక్కకు ఈ ప్రాంతంలో ఏడాదికి ఒక్కరోజైనా మర్యాద దక్కుతున్నది. నటరాజ విగ్రహాలను పోతపోసిన చోళశిల్పులు స్వామి జటలో చంద్రవంకతోను, గంగతోను పాటు ఉమ్మెత్తపూవుకు కూడ చోటిచ్చినారు. ఇన్ని శతాబ్దాలు చిహ్నంగా నిలిచిన అడవిపూవులు తక్కువ.

పేరులోనే దాని గుణమున్నది. సంస్కృతంలో 'ఉన్మత్త' అంటే పిచ్చియెత్తినవాడని అర్థం. ఆ మొక్కకూ అదే పేరు. ఆ మాటే తెలుగు నోళ్లలో నలిగి 'ఉమ్మెత్త' అయినది. కనుక మనస్సుమీద వింతగా పనిచేసే ద్రవ్యాలను పరిశోధించే ఒక శాస్త్రజ్ఞుల బృందానికి సరదాగా ఒక చిహ్నం గీయవలసి వస్తే, గోదావరి జిల్లాల విద్యార్థికి మొట్టమొదట తోచేది ఈ తెల్లని, లేక ఊదారంగు బాకాపూవే. ఆ చిహ్నం సరియైనదేనా అన్న ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది. కాని దానికి సమాధానం వెదకబోతే రసాయనశాస్త్రం, నాడీశాస్త్రం, కొంత అంకగణితం కూడ అడ్డు వస్తవి.

ఈ ద్రవ్యాలకు 'సైకిడెలిక్' అన్న పేరే ఒక పరిహాసంలో పుట్టినది. కెనడాలోని సస్కాచ్వాన్ రాష్ట్రంలో పనిచేసిన ఆంగ్ల మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్, 1953 లో ఆల్డస్ హక్స్లీ అనే ప్రసిద్ధ రచయితకు మెస్కలీన్ అనే ద్రవ్యాన్ని ఇచ్చి పరిశీలించినాడు. ఆ అనుభవాన్ని హక్స్లీ 1954 లో పుస్తకంగా వ్రాసినాడు. ఇటువంటి ద్రవ్యాలన్నిటికీ కలిపి ఏమి పేరు పెట్టాలన్న చర్చ 1956 లో వారిద్దరి మధ్య ఉత్తరాలలో నడిచినది. ఒకరు రెండు పంక్తుల హాస్యపద్యంలో ఒక పదాన్ని సూచిస్తే, రెండవవారు మరి రెండు పంక్తులతో దానిని తోసిపుచ్చి తమ పదాన్ని ముందుకు తెచ్చినారు. మన చాటుకవులు చూస్తే సంతోషించే వ్యవహారమే. చివరకు ఆస్మండ్ పదమే నిలిచినది. గ్రీకు భాషలో 'సైకీ' అంటే మనస్సు, 'డెలోస్' అంటే వ్యక్తమైనది. మనస్సును బయటపెట్టేదని తాత్పర్యం.

ఈ పేరు వర్తించే ముఖ్యద్రవ్యాలు మూడు: ఒక జాతి నాగజెముడు మొక్కలో ఉండే మెస్కలీన్, కొన్ని పుట్టగొడుగులలో ఉండే సైలోసైబిన్, ప్రయోగశాలలో తయారైన ఎల్.ఎస్.డి. ఈ మూడింటిలో ఉమ్మెత్త లేదు. లేకపోవడం మరపువల్ల కాదు.

మన నాడులు ఒకదానితో ఒకటి మాటలాడుకొనేది రసాయనాల ద్వారా. ఒక నాడి కొస నుండి వెలువడిన ద్రవ్యం తరువాతి కణం మీద తనకు సరిపడిన గ్రాహకంలో ఇమిడి వార్తను అందజేస్తుంది. అటువంటి వార్తాహరులలో ఎసిటైల్ కోలిన్ ఒకటి, సెరటోనిన్ మరియొకటి. ఉమ్మెత్త గింజలలోను ఆకులలోను ఉండే అట్రోపీన్, హయొసయమీన్, స్కోపొలమీన్ అనే క్షారకల్పాలు ఎసిటైల్ కోలిన్ చేరవలసిన ఒక తరగతి గ్రాహకాలను ఆక్రమించి కూర్చుంటవి. తాము ఏ వార్తా చెప్పవు. ఉత్తరాల పెట్టె నోరు మూసినట్లే. ఎల్.ఎస్.డి., సైలోసైబిన్ చేసేది దీనికి వేరు. అవి సెరటోనిన్ గ్రాహకాలలో ఒక రకాన్ని, సెరటోనిన్ చేయని తీరున మేల్కొల్పుతవి. అంటే ఒకటి వార్తలను ఆపుతున్నది, రెండవది లేని వార్తలను పంపుతున్నది.

ఈ భేదం అనుభవంలో కూడ కనబడుతుంది. ఎల్.ఎస్.డి. పుచ్చుకొన్నవాడు గోడలు కదలుతున్నట్లు చూచినా, తాను ఒక మందు పుచ్చుకొన్నానన్న తెలివి సాధారణంగా నిలుపుకొంటాడు. ఉమ్మెత్త విషమెక్కినవాడికి ఆ తెలివి ఉండదు. ఎదుట లేనివారితో మాటలాడుతాడు, గాలిలో దారాలు ఏరుతాడు, పక్కనున్న తల్లిని గుర్తుపట్టడు. పెద్దవాళ్లు సంధి ప్రేలాపన అనేది దీనినే. నోరు ఎండిపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది, చర్మం ఎర్రబారుతుంది, గుండె వడిగా కొట్టుకొంటుంది, మూత్రం బిగిసిపోతుంది, కంటిపాప వెడల్పై వెలుతురును భరించలేదు. తేరుకొన్న తరువాత జరిగినదేదీ చాలామందికి గుర్తుండదు. తేరుకోనివారూ ఉన్నారు. మొక్క మొక్కకూ, కాయ కాయకూ విషం పాలు మారుతుంది కనుక ఇంత తింటే ప్రమాదం లేదని చెప్పడానికి ఏ లెక్కా లేదు.

ఇక్కడ ఉపాధ్యాయులు తరగతిలో తప్పక చెప్పదగిన విషయమొకటి ఉన్నది. ఉమ్మెత్త, మిరప, వంగ, టమాట ఒకే కుటుంబానికి చెందినవి. అందుచేత ఉమ్మెత్త గింజలు ఎండుమిరప గింజలను పోలి ఉంటవి. పందొమ్మిదవ శతాబ్దంలో బాటసారులకు ఉమ్మెత్త పెట్టి దోచుకొనే ముఠాలు ఈ పోలికనే వాడుకొన్నవి. ఆనాటి భారత వైద్యన్యాయ గ్రంథాలలో ఈ రెండు గింజలను ఎట్లు వేరుపరచాలో వివరించవలసి వచ్చినది. మిరపగింజ లేత పసుపురంగులో నునుపుగా ఉంటుంది. ఉమ్మెత్తగింజ గోధుమరంగుకు తిరిగి, మూత్రపిండం ఆకారంలో, పైన చిన్నచిన్న గుంటలతో ఉంటుంది. చేతిలో భూతద్దం ఉంటే చాలు. నాలుకతో పరీక్షించే పని ఎంతమాత్రం పెట్టుకోరాదు. పిల్లవాడు ఆ కాయను తిన్నాడని అనుమానం కలిగితే మజ్జిగ, చింతపండు రసం అంటూ కాలయాపన చేయక, మిగిలిన కాయముక్కను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవాలి.

అయితే ఉమ్మెత్తను పూర్తిగా నిందించి విడిచిపెట్టడం న్యాయం కాదు. పొలాలకు వాడే పురుగుమందులలో ఆర్గానోఫాస్ఫేట్ జాతివి కొన్ని ఉన్నవి. ఇవి శరీరంలో చేరితే ఎసిటైల్ కోలిన్‌ను ఎప్పటికప్పుడు విరుగగొట్టే ఎంజైమును స్తంభింపజేస్తవి. ఉత్తరాలు కుప్పలుగా పడిపోయినట్లు, వార్తాహరుడు మితిమీరి నిలుస్తాడు. నోట చొంగ, ఊపిరితిత్తులలో నీరు, సూదిమొనవలె ముడుచుకొన్న కంటిపాప, నెమ్మదించిన గుండె: ఉమ్మెత్త లక్షణాలకు ఒక్కొక్కటే తలక్రిందులు. ఆ రోగికి డాక్టర్లు ఇచ్చే ముఖ్యౌషధం అట్రోపీన్. వరిచేల మధ్య ఉన్న ఆసుపత్రులలో ఈ ఇంజెక్షను ఎంతమంది ప్రాణాలు నిలుపుతున్నదో అక్కడి నర్సులకు తెలుసును. కళ్ళ డాక్టరు కంటిపాప విప్పార్చడానికి వేసే చుక్కలలో కూడ ఈ కుటుంబపు మందులే ఉంటవి. ఉమ్మెత్తపూవు ఒక విషవైద్యశాలకు చక్కని చిహ్నం కాగలదు. సైకిడెలిక్ బృందానికి మాత్రం కాదు.

పుట్టగొడుగును గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1955 లో మెక్సికోలోని ఓహాకా కొండలలో గార్డన్ వాసన్ అనే బ్యాంకు ఉద్యోగి మరియా సబీనా అనే నాటువైద్యురాలు జరిపిన రాత్రిపూజలో పాల్గొని, 1957 లో ఒక అమెరికన్ వారపత్రికలో దానిని ప్రకటించినాడు. మరుసటి సంవత్సరం ఆ పుట్టగొడుగుల సారాన్ని ఆల్బర్ట్ హాఫ్‌మన్ వేరుచేసి సైలోసైబిన్ అని పేరు పెట్టినాడు. వ్యాసం చదివినవారు తండోపతండాలుగా ఆ కొండపల్లెకు చేరగా, చివరకు ఊరివారి ఆగ్రహం సబీనామీదనే పడినది. ఆమె ఇల్లు తగులబెట్టినారు. అదీగాక, చిహ్నంలో పుట్టగొడుగు బొమ్మ చూచి తొలకరిలో గడ్డివాము పక్క మొలిచిన ప్రతి గొడుగునూ రుచిచూచే ఉత్సాహవంతుడు బయలుదేరితే, కాలేయాన్ని చంపే జాతులు కూడ ఆ గొడుగుల గుంపులోనే ఉన్నవి.

ఇక సైకిలు. దీనిని ఎవరూ సమావేశం పెట్టి ఎన్నుకోలేదు. స్విట్జర్లండులోని బాజెల్ నగరంలో సాండోజ్ మందుల కంపెనీలో పనిచేసే ఇదే హాఫ్‌మన్, రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ అనే బూజు సారాలమీద పరిశోధిస్తూ 1938 లో ఎల్.ఎస్.డి.ని తయారుచేసినాడు. వరిలో మానిపండు తెగులును కలిగించే బూజు ఈ ఎర్గాట్‌కు దాయాది. గింజ స్థానంలో పసుపుపచ్చని, తరువాత నల్లబడే ముద్దలు కట్టే ఆ తెగులు డెల్టా రైతులకు పరిచితమైనదే. దాని విషం వేరు, దానిలో ఎల్.ఎస్.డి. వంటిదేమీ లేదు.

తయారైన ద్రవ్యం అయిదేళ్ళు మూలనపడి ఉన్నది. 1943 ఏప్రిల్ 16 న దానిని మళ్ళీ తయారుచేస్తుండగా హాఫ్‌మన్‌కు వింతమైకం కమ్మినది. అనుమానం తీర్చుకొనడానికి ఏప్రిల్ 19 న తానే 0.25 మిల్లీగ్రాము పుచ్చుకొన్నాడు. తలనొప్పికి వాడే పారాసెటమాల్ బిళ్ళలో మందు 500 మిల్లీగ్రాములు. దానిలో రెండువేలవ వంతు. అది అతి తక్కువ మోతాదని అతని నమ్మకం. నిజానికి మిక్కిలి ఎక్కువ. కొంతసేపటికే మాట తడబడగా, సహాయకురాలిని తోడుతీసుకొని ఇంటికి బయలుదేరినాడు. యుద్ధకాలం కావడంచేత మోటారుకారు లేదు, సైకిళ్ళే గతి. తాను ఉన్నచోటనే ఉండిపోయినట్లు అతనికి తోచినది. చాలా వేగంగా తొక్కినామని సహాయకురాలు తరువాత చెప్పినది. ఇంటికి వచ్చిన డాక్టరుకు విప్పారిన కంటిపాపలు తప్ప మరే లోపమూ కనబడలేదు. 1985 లో అమెరికాలోని ఉత్తర ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు టామస్ రాబర్ట్స్ తన ఇంట మొదటిసారి 'సైకిలు దినం' జరిపినాడు. అసలు 16 వ తేదీన జరుపవలెనన్నది అతని ఉద్దేశం. అది వారం మధ్యలో వచ్చినందున అతిథులకు వీలుకాదని 19 కి మార్చినాడు. శాస్త్రచరిత్రలో కొన్ని పండుగ తేదీలు ఇట్లే స్థిరపడుతవి.

సైకిలు మంచి చిహ్నమే. కోనసీమలో సైకిలుకు రెండుపక్కలా కొబ్బరికాయల గెలలు వేలాడదీసి నడిపేవానిని చూచినవారికి, తూగు తప్పకుండా ముందుకు పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ బొమ్మ ఒక మనిషి అనుభవాన్ని చెప్పుతున్నది. పరిశోధన ఎట్లు జరుగుతుందో చెప్పదు.

దానిని చెప్పగలిగిన జంతువు ఒకటి ఉన్నది. పుష్యమాసపు మంచులో తెల్లవారగానే వరిచేలగట్ల వెంట నడిస్తే, దుబ్బు దుబ్బుకూ మధ్య నీటిబిందువులు పొదిగిన చక్రాలు కనబడుతవి. వరికి హానిచేసే పురుగులను పట్టి తినే సాలెపురుగుల పని అది. 1948 లో జర్మనీలోని ట్యూబింగన్ విశ్వవిద్యాలయంలో హాన్స్ పీటర్స్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఇటువంటి సాలెపురుగు గూడు కట్టే తీరును పరిశీలిస్తున్నాడు. చిక్కేమిటంటే ఆ పురుగు రాత్రి రెండుగంటలకూ తెల్లవారుజాము అయిదింటికీ మధ్యనే పని మొదలుపెట్టేది. నిద్ర చాలక విసిగిన పీటర్స్, పీటర్ విట్ అనే ఔషధశాస్త్రజ్ఞుని సహాయం కోరినాడు: ఏదైనా మందిచ్చి దీనిచేత కాస్త ఆలస్యంగా పనిచేయించగలరా అని. విట్ పంచదారనీళ్ళలో రకరకాల మందులు కలిపి పట్టించినాడు. సాలెపురుగు వేళ మార్చలేదు, గూడు మార్చినది.

ఇక్కడినుండి నిజమైన పరిశోధన మొదలైనది. గూడు ఒక కొలతపట్టిక వంటిది. ఆకులెన్ని, మలుపులెన్ని, కోణాలెంతెంత అన్నది ఫోటో తీసి కొలిచి, మందు లేనినాటి గూటితో పోల్చవచ్చును. మాటలాడలేని ప్రాణి తన నాడీమండలం స్థితిని రోజూ దారాలతో వ్రాసి చూపుతున్నదన్నమాట. ఉత్సాహం పెరిగి, మనోరోగుల మూత్రాన్ని గాఢంచేసి సాలెపురుగులకు పట్టించి, దానిద్వారా రోగకారణమైన ద్రవ్యాన్ని పట్టుకొందామని కూడ 1950 లలో బాజెల్‌లో ప్రయత్నించినారు. రోగులదానికీ, ఆరోగ్యవంతులదానికీ గూటిలో భేదం తేలలేదు. ఆ పానీయం సాలెపురుగులకు బొత్తిగా రుచించలేదన్నది మాత్రం తేలినది.

ఈ విధమైన కొలత లేనప్పుడు ఏమి జరుగుతుందో తెలిపే కథ ఏనుగుది. 1962 ఆగస్టులో అమెరికాలోని ఓక్లహామా నగర జంతుప్రదర్శనశాలలో టస్కో అనే మగ ఏనుగుకు 297 మిల్లీగ్రాముల ఎల్.ఎస్.డి.ని తుపాకిసూది ద్వారా ఎక్కించినారు. మగ ఏనుగులకు వచ్చే మదావస్థను ఈ మందు తెప్పించగలదేమో చూడాలని వారి ఉద్దేశం. నిమిషాలలో ఏనుగు కూలిపోయినది. రెండుగంటలు గడువకముందే చనిపోయినది. 297 అన్న అంకె ఎక్కడనుండి వచ్చినది? పిల్లికి కిలోకు 0.1 మిల్లీగ్రాము ఇస్తే రెచ్చిపోతుంది, ఏనుగు తూకం సుమారు 2,970 కిలోలు, గుణిస్తే 297. ఎనిమిదవ తరగతి లెక్క.

జంతుశరీరధర్మ శాస్త్రజ్ఞుడు నట్ శ్మిట్-నీల్సన్ తరువాత ఈ లెక్కను విప్పి చూపినాడు. 70 కిలోల మనిషికి 0.2 మిల్లీగ్రాము గట్టి మోతాదు. దానినే తూకం ప్రకారం పెంచితే ఏనుగుకు 8 మిల్లీగ్రాములు. కాని పెద్దజంతువు ఒక్కొక్క కిలో శరీరం చిన్నజంతువుకంటే నెమ్మదిగా ఇంధనాన్ని ఖర్చుచేస్తుంది. మొత్తం ఖర్చు తూకంతో సమానంగా కాక, సుమారు తూకపు ముప్పాతిక ఘాతంతో పెరుగుతుంది. ఆ లెక్కన 3 మిల్లీగ్రాములే. మందు పనిచేసేది మెదడుమీద కనుక మెదడు తూకాలను పోలిస్తే 0.4 మిల్లీగ్రాము. 297 కూ 0.4 కూ మధ్య ఏడువందల రెట్లకు పైగా తేడా. ఏనుగు ప్రాణం ఏ లెక్క ఎన్నుకొన్నారన్నదానిమీద ఆధారపడినది. పడిపోయిన తరువాత దానికి ఇచ్చిన మత్తుమందులు కూడ చావుకు తోడ్పడి ఉండవచ్చునని వాదమున్నది. 1984 లో ప్రకటించిన మరియొక ప్రయోగంలో ఎల్.ఎస్.డి. పుచ్చుకొన్న రెండు ఏనుగులు బ్రతికినవి.

సాలెపురుగు, ఏనుగు అనగానే తెలుగువారికి మూడవది గుర్తుకు రాక మానదు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. సాలెపురుగు లింగంపై దారాలతో గుడి కట్టినది. పాము మణులు తెచ్చి పెట్టినది. ఏనుగు ఆ మణులను తొలగించి స్వర్ణముఖి నీళ్ళతో అభిషేకించి మారేడు పత్రి వేసినది. ఒకరి పూజ ఒకరికి అపచారమై చివరకు పాము ఏనుగు తొండంలో దూరగా రెండూ చనిపోయినవి. ఇక పాము సంగతి: గ్రీకుల అస్క్లీపియస్ దేవుని కర్రకు చుట్టుకొన్న పాము ప్రపంచమంతటా వైద్యానికి గుర్తు. కాబట్టి శ్రీకాళహస్తి త్రయం ఈ బృందానికి సిద్ధంగా ఉన్న చిహ్నం. సాలెపురుగు కొలత, పాము చికిత్స, ఏనుగు హెచ్చరిక.

చిహ్నం ఎంపికలో ఇంత జాగ్రత్త దేనికన్నవారికి 1960 ల చరిత్ర ఉన్నది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తిమోతి లియరీ బృందం పరిశోధన మెల్లమెల్లగా ప్రచారోద్యమంగా మారి, 1963 లో లియరీ ఉద్యోగం పోవడంతో ముగిసినది. సుడులు తిరిగే రంగుల గోడపత్రికలే ఆ శాస్త్రానికి ముఖచిత్రాలైనవి. 1966 లో కాలిఫోర్నియాలో నిషేధం వచ్చినది, 1971 లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చినది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎల్.ఎస్.డి., సైలోసైబిన్, మెస్కలీన్లను నిషిద్ధాల పట్టికలో చేర్చినది. త్రాగుడు మాన్పించడానికి, మరణభయంతో క్రుంగే కాన్సరు రోగులకు ఉపశమనం కలిగించడానికి సాగిన ప్రయోగాలు కొన్ని దశాబ్దాలు దాదాపుగా ఆగిపోయినవి. 2006 లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం ప్రకటించిన సైలోసైబిన్ వ్యాసంతో అవి మళ్ళీ పుంజుకొన్నవి. 2021 లో లండను ఇంపీరియల్ కళాశాలవారు 59 మంది మనోవ్యాకులత రోగులలో దీనిని వాడుకలో ఉన్న ఎసిటాలొప్రామ్ అనే మందుతో పోల్చగా, ముందుగా నిర్ణయించుకొన్న ముఖ్యమైన కొలతలో రెంటికీ చెప్పుకోదగిన భేదం కనబడలేదు.

ఈ ప్రయోగాలకు ఒక విచిత్రమైన కష్టమున్నది. మామూలు మందును పరీక్షించేటప్పుడు కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త బిళ్ళ ఇచ్చి, ఎవరికేది ఇచ్చినారో రోగికీ డాక్టరుకూ తెలియనీయరు. గోడలు కదలుతుంటే తనకేది ఇచ్చినారో ఏ రోగికి తెలియదు? 2024 ఆగస్టులో ఎం.డి.ఎం.ఏ. అనే సమీప ద్రవ్యాన్ని చికిత్సకు అనుమతించడానికి అమెరికా ఔషధసంస్థ నిరాకరించినది. అంతకుముందు జరిగిన చర్చలో ఈ లోపం ముఖ్యంగా ఎత్తిచూపబడినది. గొప్ప మార్పు వస్తుందని ఎదురుచూచేవానికి కొంత మార్పు ఎదురుచూపువల్లనే వస్తుంది. చికిత్సగది గోడమీద మెరిసే పుట్టగొడుగు బొమ్మ ఉంటే అది కూడ ఒక మోతాదుగానే పనిచేస్తుంది. ఆ విధంగా చూస్తే, ముచ్చటకొరకు గీసిన చిహ్నాన్ని రోగి కంటబడకుండా పరిశోధకుల బల్లమీదనే ఉంచుకోవడం మేలు.

సాలెగూడు గీసే చిత్రకారునికి మాత్రం ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఎల్.ఎస్.డి. అనగానే అతడు చిందరవందర గూడు గీయడానికి సిద్ధపడుతాడు. విట్ పరిశీలనలో కొద్ది మోతాదు ఎల్.ఎస్.డి. పుచ్చుకొన్న సాలెపురుగు మామూలుకంటే సమమైన కోణాలతో గూడు కట్టినది. ఆకారం పూర్తిగా చెడి, దారాలు తోచినచోటికల్లా పోయిన గూడు, 1995 లో అమెరికా అంతరిక్షసంస్థవారు మళ్ళీ చేసిన ప్రయోగంలో కూడ, కెఫీన్ ఇచ్చిన సాలెపురుగుది. కనుక ఆ వంకరగూడు బొమ్మ రాజమహేంద్రవరంలోని ఏ కాఫీ హోటలు బోర్డుకో పంపవలసినది.